పైడితల్లి తగలబెట్టనివ్వని ఆకు

పైడితల్లికి సొంతానికి సెంటు భూమి లేదు. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. ఊళ్ళో ఆమె గురించి ఎవరు మాట ఎత్తినా దీంతోనే ఎత్తుతారు. "సెంటు బూవి నేదు గానీ ఊరందరికీ సేద్యం పాఠాలు సెప్తది" అంటారు. ఆమె ఎదుటే అంటారు. ఆమె ఊరుకోదు. "పాఠం సెప్పడానికి బూవెందుకు, బుర్ర సాలు" అంటుంది. ఆ తర్వాత మాట మీద మాట పెరిగి, చెప్పాల్సిన పాఠం పక్కకు పోతుంది. అది ఆమెలో ఉన్న లోపమే, కాదనక్కర్లేదు.

చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్ళే దారిలో, రోడ్డుకు లోపలగా ఉంటుంది వాళ్ళ ఊరు. చుట్టూ చెరకు, మధ్యమధ్య వరి. పైడితల్లి పదో ఏటి నుంచి చెరకు తోటల్లోనే ఉంది. కూలికి చెరకు పడిపోకుండా జడలు చుట్టింది, గడలు నరికింది, మోపులు మోసి బండికెత్తింది. చెరకాకు అంచు రంపం లాంటిది. దాని గీతలు ఆమె ముంజేతుల నిండా ఉన్నాయి. భర్త సత్తిబాబు చోడవరానికీ రావికమతానికీ మధ్య షేర్ ఆటో తిప్పుతాడు. పదో తరగతి దాకా చదివింది కాబట్టి మహిళా సంఘం వాళ్ళు ఆమెను ప్రకృతి సేద్యం కార్యకర్తగా పంపారు. ఇంటింటికీ, పొలం పొలానికీ తిరిగి, మట్టిలో కర్బనం ఎలా పెంచుకోవాలో రైతులకు చెప్పాలి. అదీ ఉద్యోగం.

అనకాపల్లిలో నాలుగు రోజుల ట్రైనింగ్ ఇచ్చారు. పాఠం చెప్పిన ప్రత్యూష అనే అమ్మాయి రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, రెండు మట్టి బెడ్డలు వేసింది. కంచె కింది నుంచి తెచ్చిన బెడ్డ నీళ్ళలో రాయిలా కూర్చుంది. ఏటా తగలబెట్టే చెరకు పొలం నుంచి తెచ్చింది మాత్రం చూస్తుండగానే చెదిరిపోయి, నీళ్ళన్నీ బురదైపోయాయి. మట్టిని పట్టి ఉంచేది లోపలున్న కుళ్ళిన ఆకూ అలమేనని, అదే కర్బనమని, దాన్ని మనమే కాల్చేసుకుంటున్నామని ప్రత్యూష చెప్పింది. పైడితల్లికి ఆ బురద రంగు బాగా తెలుసు. వాన పడ్డ మర్నాడు వాళ్ళ ఊరి కాలవలో పారేది అదే. ముప్పై ఏళ్ళుగా తన చేత్తో ఎన్ని పొలాలకు అగ్గిపుల్ల గీసిందో లెక్క చూసుకోబోయి, లెక్క తేలక, ఆ పూట అన్నం సరిగా తినలేకపోయింది.

ఊళ్ళో చెరకు నరికాక ఎండాకు మోకాలెత్తున పడి ఉంటుంది. బండ్లు కదిలిపోయిన సాయంత్రమే దానికి నిప్పు పెడతారు. పావుగంటలో పొలం నల్లగా, శుభ్రంగా అయిపోతుంది. ఎలుకలు పోతాయి, పాములు పోతాయి, నీళ్ళు సాఫీగా పారతాయి. పైగా, అగ్గి చూడని దుబ్బు పిలక వెయ్యదని పెద్దల మాట. పెద్దలు చెప్పారు, వాళ్ళకు వాళ్ళ పెద్దలు చెప్పారు. అడిగినవాళ్ళు లేరు.

మొదటి మీటింగు రామకోవెల అరుగు మీద పెట్టింది పైడితల్లి. కర్బనం అంటే ఏమిటో చెప్పేసరికి కామాక్షమ్మ లేచింది. అరవై దాటిన మనిషి, ఎకరంన్నర సొంత చెరకు, ఊళ్ళో ఎవరికీ తలొంచని నోరు.

"ఒలే పైడితల్లీ, కర్బనం అంటే బొగ్గే గదా?"

"అవును పిన్నీ, ఒకలాగ అంతే."

"మరి మేం తగలెట్టి బొగ్గే గదే ఏస్తన్నాం పొలానికి! నువ్వు కొత్తగా సెప్పేదేటి?"

అరుగంతా గొల్లుమంది. పైడితల్లి ఆ రాత్రి ప్రత్యూషకు ఫోన్ చేసి అడిగి, తెల్లారగానే కామాక్షమ్మ గుమ్మం ముందు నిలబడింది. "పిన్నీ, నీ పొలంలో మిగిలింది బూడిద. బొగ్గంతా పొగై పైకెల్లిపోనాది. పొగ నీ పొలం మీద ఆగిందేటి?" అంది. కామాక్షమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండానే, "నీకో పొలముంటే తెలిసేది" అంది.

ఆ మాట గుచ్చుకుంది. మూడు రోజులు అదే తలుచుకుంటూ తిరిగి, నాలుగో రోజు గాజువాక బస్సెక్కింది. ఊరి సత్యారావు అక్కడ ఫ్యాక్టరీలో పని చేస్తూ, పిల్లల చదువులతో అక్కడే స్థిరపడ్డాడు. ఊళ్ళో అతనికి ఎనభై సెంట్లుంది. నీళ్ళు నిలవక, తోట బలంగా రాక ఎవరూ కౌలుకు అడగని చెక్క. పైడితల్లి అడిగింది. సత్యారావు నవ్వి, "తీస్కో, నీ సరదా ఎందుకు కాదనాలి" అన్నాడు. కాగితం లేదు, ముద్ర లేదు, నోటిమాట కౌలు. ఆ ఊళ్ళో కౌళ్ళన్నీ అలాంటివే.

చెరకు వేసింది. పన్నెండు నెలలకు నరికింది. ఊరంతా చూస్తుండగా ఎండాకుకు నిప్పు పెట్టలేదు. ఉన్నదంతా పొలమంతా మందంగా పరిచేసి, దుబ్బుల మీద చెయ్యి దులుపుకుని, "ఇంకేటీ ఎయ్యక్కర్లేదు. దానికదే ఎరువైపోద్ది" అని గట్టు మీద నిలబడి గొప్పగా చెప్పింది. ట్రైనింగులో నాలుగో రోజు మధ్యాహ్నం చెప్పిన పాఠం ఆమె సరిగా వినలేదు. ఆ పూట చిన్న కునుకు పట్టింది. ఫలితం నలభై రోజులకు తెలిసింది. పిలకలు పసుపు పూసినట్టు పాలిపోయాయి. నీళ్ళు పెడితే ఆకు అడ్డం పడి ఒకచోట మడుగు కట్టింది, ఇంకోచోట చుక్క చేరలేదు.

"మన పైడితల్లి పొలానికి కామెర్లొచ్చినాయిరో" అన్నాడు పెదబాబు. దక్షిణం గట్టు అవతలి పొలం అతనిది. సత్యారావుకు మేనమామ. పనిమంతుడే, మాటే కాస్త కటువు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. సత్తిబాబు ఆటో ఎక్కినవాళ్ళు కూడా కామెర్లకు పసరు మందు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అతను పాపం నవ్వలేక, ఏడవలేక ఇంటికొచ్చి, "నీ ఆకుతో నా ఆటో నడవడం కట్టమయింది" అన్నాడు.

ప్రత్యూష వచ్చి చూసింది. ఎండాకును తినే సూక్ష్మజీవులకు వట్టి అన్నం వడ్డించినట్టయిందని, కూర లేక అవి చెరకు నోటి దగ్గరి నత్రజనిని లాక్కు తిన్నాయని చెప్పింది. పచ్చి పేడ, మూత్రం కలిపిన ద్రవం ఆకు మీద చల్లితే కుదురుకుంటుందంది. పైడితల్లి పేడనీళ్ళు చల్లింది. చల్లి, పై నుంచి నాలుగు గుప్పిళ్ళు యూరియా కూడా విసిరింది. ప్రకృతి సేద్యంలో యూరియా నిషిద్ధం. పైవాళ్ళు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు. "ఆకలితో ఉన్నదానికి ముందు ముద్ద పెట్టాలి సార్, పథ్యం తరవాత. పొలం పచ్చబడ్డాక తిట్టండి, పడతాను" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత అదే కోవెల అరుగు మీద మళ్ళీ మీటింగు పెట్టింది. సాధారణంగా ఓడినవాళ్ళు చేసే పని కాదది. "తప్పు ఆకుది కాదు, నాది. నేను పాఠం సగమే విన్నాను. సాలు విడిచి సాలు పరచాలి, ఉత్తి సాలులో నీల్లు పారతాయి. పరిచేక పేడనీళ్ళు సల్లాలి. నేను సెయ్యనేదు, నా తోట పాలిపోనాది. మీరు నవ్వుకోండి. నవ్వడం అయ్యేక ఇనండి" అంది. ఆ రోజు ఎక్కువ మంది నవ్వలేదు. కామాక్షమ్మ అసలు నవ్వలేదు. తప్పు ఒప్పుకున్న మనిషిని ఆ ఊరు అంతగా చూసి ఎరగదు.

మరుసటి ఏడు కథ మారింది. పైడితల్లి సాలు విడిచి సాలు ఆకు పరిచి, పేడనీళ్ళు చల్లి, ఆకు లేని సాళ్ళలో జనుము చల్లి, పూతకు రాకముందే కోసి అక్కడే పడేసింది. వేసవిలో రైవాడ జలాశయం నీళ్ళు ఆలస్యమై పక్క పొలాలు నెర్రెలిచ్చినా, ఆమె పొలంలో ఆకు ఎత్తి చూస్తే కింద తేమ ఉంది, వానపాముల మట్టి ఉంది. చూపుడువేలు రెండో కణుపు దాకా దిగింది. తూర్పు గట్టు అవతలి కామాక్షమ్మ అలా వేలు పెట్టి చూసిన వాళ్ళలో ఒకతె. ఆ ఏడు చెరకు నరికాక తన ఎండాకు తగలబెట్టలేదు, అంతే. తర్వాత పడమటి గట్టు తవిటయ్య కూడా మానేశాడు. అతను మాటలు తక్కువ మనిషి, పెదబాబుతో కలిసి రోజూ టీ తాగే మనిషి. మానేసినట్టు ఎవరికీ చెప్పలేదు కూడా.

భూసార పరీక్ష కార్డు వచ్చింది. కర్బనం మూడేళ్ళ కింద సున్నా పాయింట్ మూడెనిమిది. ఇప్పుడు సున్నా పాయింట్ నాలుగారు. కార్డు మీద ఇంకా 'తక్కువ' అనే రాసి ఉంది.

"మూడేళ్ళు ఊడిగం సేసి ఎనిమిదేనేటే?" అన్నాడు పెదబాబు.

"ఆ ఎనిమిది నీ పొలంలో సూపించు మావా, నేను నోరు మూసుకుంటాను" అంది పైడితల్లి.

అతను చూపించలేదు గానీ, ఆ పొలాన్ని మాత్రం చూడడం మొదలుపెట్టాడు. వస్తూ పోతూ చూశాడు. దాని ఫలితం ఆ సంక్రాంతి వెళ్ళిన నెలకు, పాత దుబ్బుల నుంచే మళ్ళీ పెరిగిన రెండో కార్శి తోట నరికిన మర్నాడే తేలింది. పొలంలో ఎండాకు ఇంకా పరవలేదు, నరికినచోటే పడి ఉంది. సత్యారావు గాజువాక నుంచి బైకు మీద వచ్చి గట్టు మీద ఆగాడు. హెల్మెట్ తియ్యలేదు.

"పైడితల్లీ, పొలం మా మావయ్య అడుగుతన్నాడు. రెండు సెక్కలూ కలిపి సేసుకుంటాడట. ఈ యేటి నుంచి ఆయనకిచ్చేస్తన్నాను."

"నా దగ్గర తప్పేటయింది బాబూ?"

"తప్పేటి నేదు. బూవి బాగయింది గదా. మావయ్య అడిగితే కాదనలేను."

భూమి బాగయింది కాబట్టి తీసేసుకుంటున్నాడు. బాగవకపోతే ఆమె దగ్గరే ఉండేది. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు, అతను సిగ్గుపడకుండానే చెప్పాడు. పైడితల్లికి అరవాలనిపించింది, అతని కాళ్ళు పట్టుకోవాలని కూడా ఒక్క క్షణం అనిపించింది. పట్టుకోలేదు. బైకు వెళ్ళిపోయాక ఎండాకు మీద కూలబడి ఏడ్చింది. ఒళ్ళు మండి ఏడ్చింది. అగ్రిమెంటు లేదు, అడిగే నాథుడు లేడు, పొలం పోయినట్టే. అది ఆమెకూ తెలుసు. కానీ ఏడుపు తగ్గాక ఇంకో సంగతి గుర్తొచ్చి లేచి నిలబడింది. పెదబాబు తగలబెడతాడు.

నేరుగా అతనింటికే వెళ్ళింది. పెదబాబు పశువుల పాక ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పొలం తీస్కో మావా. నీకూ నాకూ గొడవ నేదు. ఆకు తగలెట్టకు, అదొక్కటే అడుగుతన్నాను."

"అగ్గి సూడని దుబ్బు పిలకెయ్యదు."

"రెండేళ్ళు నా దుబ్బులు అగ్గి సూడనేదు. పిలకెయ్యనేదేటి?"

"అది కాలవ నీల్ల బలం. ఎల్లుండి సాయంత్రం తగలెడతన్నాను. నీకు నొప్పయితే సూడ్డానికి రాకు."

వాదించి లాభం లేదని తెలిసింది. మూడేళ్ళు కూడబెట్టింది పావుగంటలో పోతుంది. ఆకు బూడిదవుతుంది, దాని కింద ఉన్న పురుగూ పుట్రా వానపామూ ఉడికిపోతాయి, మళ్ళీ ఆ పొలం నీళ్ళు నిలవని చెక్క అవుతుంది. పొలం తనది కాకపోయినా ఆ సంగతి ఆమెకు సహించలేదు.

ఆ వైపు ఊళ్ళలో ఒక కట్టుబాటుంది. చెరకాకుకు ఎవరూ ఒంటరిగా నిప్పు పెట్టరు. ముందు రోజే చుట్టూ ఉన్న గట్ల రైతులకు చెప్పాలి. వాళ్ళు తడి గోనె సంచులు పట్టుకుని ఎవరి గట్టు మీద వాళ్ళు నిలబడాలి. అప్పుడే అగ్గిపుల్ల గియ్యాలి. గట్టు మీద మనిషి లేకుండా నిప్పు పెట్టి, అది పక్క పొలానికి అంటుకుంటే, పెట్టినవాడు ఆ పంటకూ ఊరి పెద్దలకూ జవాబు చెప్పుకోవాలి. సత్యారావు పొలానికి ఉత్తరం కాలవగట్టు, దక్షిణం పెదబాబే. మిగిలింది తూర్పు కామాక్షమ్మ, పడమర తవిటయ్య.

పైడితల్లి ఇద్దరి దగ్గరికీ వెళ్ళింది. బతిమాలలేదు. "మీ పొలాల్లో ఇప్పుడు ఎండాకుంది. దాని పక్కన అగ్గెడతాడట. గట్టు మీదకి రమ్మని కబురొస్తది. ఎల్తారో మానుతారో మీ ఇట్టం. నేను మాత్రం అక్కడుంటాను" అంది. కామాక్షమ్మ, "సూద్దాం" అంది. తవిటయ్య పశువులకు కుడితి పెట్టుకున్నాడు. అతనితో పెదబాబుకు నలభై ఏళ్ళ స్నేహం. పైడితల్లి ఆ ఇంటి నుంచి ఏ మాటా తీసుకోకుండానే బయటికొచ్చింది.

ఎల్లుండి సాయంత్రం రానే వచ్చింది. పెదబాబు అగ్గిపెట్టెతో దక్షిణం గట్టు మీద నిలబడ్డాడు. పైడితల్లి కాలవగట్టు మీద ఉంది. కామాక్షమ్మ వచ్చింది, చేతిలో గోనె లేదు. చేతులు వెనక్కి కట్టుకుని తన గట్టు మీద అటూ ఇటూ తిరగసాగింది.

"గోనె ఏదే?" అరిచాడు పెదబాబు.

"మా ఇంట్లో గోనెల్నేవు" అంది కామాక్షమ్మ. అటక నిండా ఖాళీ గోనెలున్న ఇల్లది.

అప్పుడు పడమటి దారిలో తవిటయ్య కనబడ్డాడు. భుజం మీద గోనె, అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. పెదబాబు ముఖం విప్పారింది. గట్టు రైతుల్లో ఒక్కడు నిలబడ్డా చాలు, రెండో గట్టుకు పెదబాబు తన మనిషిని పెట్టుకున్నా ఊరు తప్పుపట్టదు. తవిటయ్య నెమ్మదిగా వచ్చి గట్టెక్కాడు. గోనె దులిపాడు. రెండు మడతలు వేసి గట్టు మీద పరిచాడు. దాని మీద కూర్చున్నాడు.

"ఏట్రా అది?" అన్నాడు పెదబాబు.

"గట్టు కాల్తంది. కూకోడానికి తెచ్చేను" అన్నాడు తవిటయ్య.

పెదబాబుకు కోపం తలకెక్కింది. నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి ఏమీ అనలేక, అదంతా పైడితల్లి మీద కక్కాడు.

"పొలం నీది కాదు గదే! కాలితే నీకేటి నొప్పి?"

"పొలం సత్యారావుది. కౌలు నీది. ఆ మట్టికెట్టిన మూడేళ్ళు నాయి మావా. పొలం అడగనేదు. ఆ మూడేళ్ళే అడుగుతన్నాను" అంది పైడితల్లి.

పెదబాబు పుల్ల గీశాడు. అది మండింది. చెయ్యి చాపి ఆకు దాకా తీసుకెళ్ళాడు. తూర్పున కామాక్షమ్మ నడక ఆపి నిలబడింది, పడమర తవిటయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే చూస్తున్నాడు. వాళ్ళ పొలాలు రెండూ ఎండాకుతో నిండి ఉన్నాయి. గాలి కూడా ఉంది. పుల్ల వేలి దాకా కాలింది. పెదబాబు దాన్ని గట్టు మట్టి మీద పడేసి కాలితో నలిపాడు. చెయ్యి విదిలించుకుంటూ, ఓడినట్టు కనబడకూడదని గట్టిగా అరిచాడు.

"సరే, తగలెట్టను! పిలక రాకపోతే నీ ఇంటిమీదకొస్తాను. ఊరందరి ముందూ అడుగుతాను!"

"రాకపోతే నన్నడుగు మావా, పడతాను. బాగా వస్తే మాత్రం సత్యారావుకి సెప్పకు. నీ దగ్గర కూడా లాగేసుకుంటాడు."

కామాక్షమ్మ పకపకా నవ్వింది. పెదబాబు నవ్వలేదు. తిట్టడానికి నోరు తెరిచి, తెరిచిన నోరు అలాగే ఉంచి పొలం వైపు చూశాడు. అతని కౌలు కూడా నోటిమాటే. పైడితల్లి కాలవగట్టు దిగి పొలంలోకి నడిచి, మొదటి సాలులోని ఆకు రెండు చేతులా ఎత్తి పక్క సాలులో వెయ్యడం మొదలుపెట్టింది. మూడో సాలు దగ్గర ఆమె పక్కన ఇంకో జత చేతులు చేరాయి. అవి పెదబాబువి. "పేడనీళ్ళు ఎప్పుడు సల్లాలి?" అని అడిగాడు, ఆమె ముఖం చూడకుండా.

"రేపు" అంది పైడితల్లి.